మోటారు సైకిళ్లపై తాబో విహారమునకు

2022 సెప్టెంబరు మాసమున మేమును, మా మిత్రులిరువురును హిమాచల ప్రదేశములోని స్పితి లోయను మోటారు సైకిళ్లపై చుట్టివచ్చుటకు బయలుదేరితిమి. మిత్రులలో ఒకరు కళాశాలలో అధ్యాపకులు. రెండవవారు బ్యాంకు ఉద్యోగి. మువ్వురమును నలుబది దాటినవారమే. మాకు దొరకిన సెలవు పది దినములు. ఏ దినమున ఏ కనుమ దాటవలెనో, ఏ రాత్రి ఏ ఊర బస చేయవలెనో ఒక కాగితముపై గళ్లు గీసి వ్రాసికొంటిమి. ఆ కాగితమును వ్రాసినవారము మేమే. అది మూడవ దినముననే చెల్లని చీటి అయినది. అట్లు ఎందులకైనదో, అయిన పిమ్మట మాకేమి లభించినదో నేడు మనవి చేయుదుము.

స్పితి యనగా నడిమి నేల యని అర్థము చెప్పుదురు. ఇటు మన దేశపు లోయలకును అటు టిబెట్టునకును నడుమనున్న సీమ యది. వానకారు మబ్బులు దక్షిణపు శిఖరములవద్దనే ఆగిపోవుటచేత ఆ లోయలో చెట్టు అరుదు. కొండలన్నియు ఎఱ్ఱమన్ను, బూడిద, పసుపు రంగులలో వట్టి బోడులు. ఏటియొడ్డున నీరు పారించుకొన్న చోట మాత్రము బఠాణీ చేలును, బార్లీ మళ్లును, దిగువ ఊళ్లలో ఆపిలు తోటలును పచ్చగా కనుపించును.

అచటికి రెండు దారులు కలవు. ఒకటి సిమ్లానుండి సట్లెజ్ నదివెంట కిన్నౌరు మీదుగా పోవునది. అది దూరము, కాని మెల్లమెల్లగా ఎత్తు పెరుగును. రెండవది మనాలినుండి కుంజుమ్ కనుమ మీదుగా పోవునది. అది దగ్గఱ, కాని ఒక్క దినముననే మనుష్యుని ఆకాశమున కెత్తును. 2020 అక్టోబరులో రోహతాంగ్ కనుమ క్రిందుగా 9 కిలోమీటర్ల అటల్ సొరంగము తెఱచినది మొదలు ఈ రెండవ దారి మఱింత సులువైనట్లు తోచును. కాగితముమీద ఒక దినము మిగులునని మేము ఈ దారినే ఎన్నుకొంటిమి.

మనాలిలో మోటారు సైకిళ్లు అద్దెకు తీసికొని తెల్లవాఱకముందే బయలుదేరితిమి. సొరంగము దాటి, కోక్సర్‌లో తేనీరు త్రాగి, గ్రాంఫూ వద్ద స్పితి దారికి తిరిగినంతనే తారు రోడ్డు ముగిసినది. అక్కడినుండి చంద్రానది ప్రక్కన గుండ్రాళ్ల బాట. మంచు కరగిన నీరు అక్కడక్కడ బాటకు అడ్డముగా ప్రవహించుచుండును. ఎండ ఎక్కినకొలది ఆ ప్రవాహములు పొంగును గనుక ఉదయముననే దాటవలెనని అచటివారు చెప్పుదురు. మోకాలిలోతు నీటిలో, కంటికి కనబడని రాళ్లమీద బండిని నడపుట ఎట్టిదో అనుభవించినగాని తెలియదు. చేతులు హాండిలును గట్టిగా పట్టుకొన్నకొలది బండి పెడదారి పట్టును. కొంత వదలినచో తన దారి తానే వెదకికొనును. ఈ విద్య మాకు మూడవ వాగు దాటునప్పటికి కొంత పట్టువడినది.

బాతల్ దాటి కుంజుమ్ కనుమ ఎక్కుచుండగా బండ్ల ధ్వని మారినది. ఆ కనుమ సుమారు 4,550 మీటర్ల ఎత్తు. అచట గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో నూటికి 60 పాళ్లయినను ఉండదు. గాలి పలుచనైనచోట ఇంజనులో పెట్రోలు మండుటకు ప్రాణవాయువు చాలదు. ఇప్పటి ఇంజనులు గాలికి తగినట్లు పెట్రోలును తామే తగ్గించుకొనును. అయినను పోయిన బలము తిరిగిరాదు. మైదానమున మూడవ గేరులో ఎక్కు మిట్టను అక్కడ మొదటి గేరులో మూలుగుచు ఎక్కును. యంత్రము తన ఆయాసమును ఇట్లు అందఱకు వినబడునట్లు చెప్పుకొనును. మనుష్యుడు చెప్పుకొనడు. చెప్పినను తోడివారు వినరు.

మా బ్యాంకు మిత్రులు ఉదయము కోక్సర్‌లోనే, "ఈ రాత్రి ఇక్కడ ఉండి రేపు పోదము" అనిరి. మేము కాగితము చూపితిమి. బాతల్ వద్ద తల నొచ్చుచున్నదనిరి. మాత్ర ఇచ్చితిమి. కుంజుమ్ పైన, దేవి గుడిచుట్టును అందఱు ప్రదక్షిణము చేయుచుండగా ఆయన బండి దిగక తల పట్టుకొని కూర్చుండిరి. లోసర్‌లో వాంతి అయినది. చీకటిపడి చాలసేపైన తరువాత కాజా చేరితిమి. ఆ రాత్రి ఆయనకు త్రాగిన నీరైనను కడుపులో నిలువలేదు. నాలుగడుగులు వేసినచో ఊపిరి ఆడలేదు. బస ఇచ్చిన ఇంటివారు లేచి, మమ్ములను ఊరిలోని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచట ఆయనకు ప్రాణవాయువు పెట్టిరి. మేము బయట బల్లమీద కూర్చుంటిమి. ఆయన ఇంటికి ఫోను చేయవలసివచ్చినచో మొదటి మాట ఏమని చెప్పవలెనో మనసులో కూర్చుకొనుచు తెల్లవార్లు గడపితిమి. ఆ మాట మాకు దొరకలేదు.

తెల్లవాఱినపిమ్మట వైద్యుడు మమ్ములను పిలిచెను. చిన్నవయసువాడు. కోపపడలేదు. "మీరు నిన్న ఉదయము 2,000 మీటర్లలో ఉంటిరి. రాత్రికి 3,700 మీటర్లలో నిద్రింప వచ్చితిరి. దేహము రక్తమును మార్చుకొనుటకు దినములు పట్టును. మీ సెలవు ఎన్ని దినములో దానికి తెలియదు" అనెను. మా కాగితము ప్రకారము ఆ దినమున కీ మఠమునకును, అంతకంటె ఎత్తయిన కిబ్బర్ గ్రామమునకును ఎక్కవలసియుండినది. "ఎక్కవలదు, దిగుడు. తాబో ఇక్కడికంటె 400 మీటర్లు పల్లము. జీపులో తీసికొనిపోయి, నెమ్మది పడువఱకు కదలింపకుడు" అని పంపివేసెను. కాజానుండి తాబో 47 కిలోమీటర్లు. మిత్రులను జీపులో పరుండబెట్టి, ఆయన బండిని కాజాలోనే ఉంచి, మిగిలిన ఇరువురమును జీపు వెనుక మెల్లగా దిగితిమి. తాబో మా కాగితములో ఒక పూట చూచి దాటిపోవలసిన ఊరు. అచట మేము ఐదు దినములుంటిమి.

తాబో విహారమును బయటినుండి చూచినవారికి అది మట్టిగోడల దొడ్డివలె కనుపించును. గోపురము లేదు, బంగారు కప్పు లేదు. 996లో గూగే రాజగు యేషే ఓద్ దీనిని స్థాపించెను. 46 ఏండ్లకు, 1042లో, ఆ వంశమువాడే అగు జంగ్‌చుబ్ ఓద్ దీనిని పునరుద్ధరించెనని ఆలయములోని శాసనము చెప్పుచున్నది. ఆ రాజులు యువకులను కాశ్మీరమునకు పంపి సంస్కృతము నేర్పించి, బౌద్ధ గ్రంథములను టిబెట్టు భాషలోనికి తెప్పించిరి. అట్టివారిలో అగ్రగణ్యుడు 958 నుండి 1055 వఱకు జీవించిన రిన్‌చెన్ జాంగ్పో. అదే శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయభట్టారకుడు మహాభారతమును తెనిగింప పూనుకొనెను. ఒకరి నొకరు ఎఱుగని రెండు చోట్ల, ఇంచుమించు ఒకే కాలమున, సంస్కృతము రెండు దేశభాషలలోనికి ప్రవహించుచుండినది.

1975 జనవరి 19న వచ్చిన కిన్నౌరు భూకంపమున ఈ కట్టడము దెబ్బతినినది. పాతదానిని బాగుచేసి, నిత్యపూజలకు ప్రక్కన క్రొత్త ఆలయమును కట్టిరి. 1983లో దలైలామా ఇచటికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చిరి. వేయేండ్ల పండుగకు 1996లో మరల వచ్చిరి.

మేము మఠమువారి అతిథిగృహమున దిగితిమి. మొదటి సాయంకాలము మందులకొఱకు పోవలసి, అధ్యాపక మిత్రులు ముంగిటనే బండిని స్టార్టు చేసిరి. లోపల పూజ జరుగుచుండినది. ఆ చప్పుడు గోడలకు కొట్టుకొని మ్రోగినది. ఎనిమిది పదేండ్ల బాలభిక్షువులు నలుగురైదుగురు ఎఱ్ఱని వస్త్రములు ఎగురుచుండ బయటికి పరుగెత్తుకొని వచ్చి, ఆనందముతో బండి చుట్టును చేరిరి. వారి వెనుకనే ఒక వృద్ధ భిక్షువు వచ్చెను. మేము చీవాట్లకు సిద్ధపడితిమి. ఆయన పిల్లలను లోపలికి పంపి, మా బండిని కొంతసేపు చూచి, "బరువైన బండియే. గేటువఱకు త్రోయుటకు నేను ఒక చేయి వేయుదునా?" అని హిందీలో అడిగెను. ఆ వయసున నిజముగనే వెనుక చేయి వేసెను. తరువాత ఉన్నన్నాళ్లు మేము బండిని గేటు వెలుపలికి త్రోసికొనిపోయియే స్టార్టు చేసితిమి. ఆ దూరము ఏబది అడుగులు. అంతకు మునుపు ఎన్ని ఊళ్లలో, ఎన్ని గుమ్మముల ముందు ఆ ఏబది అడుగులు త్రోయక మానితిమో గదా యని తోచినది.

మఠములో దినచర్య తెల్లవాఱుజామున ఆరంభమగును. ఆరు గంటలకు క్రొత్త ఆలయమున పూజ. రావలెనన్నవారు చెప్పులు విడిచి గోడప్రక్కన కూర్చుండవచ్చును. ఎవరును రమ్మనరు, పొమ్మనరు. భిక్షువులు రెండు వరుసలుగా కూర్చుండి నాభినుండి వచ్చు మంద్రస్వరమున పాఠము చదువుదురు. మన వేదపాఠశాలలలోవలెనే పిల్లలు ఊగుచు చదువుదురు. మన పిల్లలవలెనే నడుమ తూగుదురు కూడ. ఒక పెద్ద పిల్లవాడు తేనీటి కెటిలుతో వరుసలవెంట తిరుగుచు, చదువు ఆగకుండనే గిన్నెలు నింపును. అది వెన్నయు ఉప్పును కలిపిన తేనీరు. పానీయమని త్రాగినచో మనకు రుచింపదు. చారు అనుకొని త్రాగినచో రెండవ గిన్నె అడుగుదుము. దానిలో వేయించిన బార్లీ పిండిని కలిపి ముద్దచేసికొని తిందురు. అది మన పేలపిండి వంటిదే.

పూజ పిమ్మట పిల్లలకు చదువు, పెద్దలకు పనులు. వంట, నీళ్లు, ఆపిలుతోట, అతిథిగృహపు లెక్కలు అన్నియు వారే చూచుకొందురు. మేము కొండలమీది మఠములను గూర్చి ఏవేవో ఊహించుకొని పోతిమి. అచట నిట్టూర్పులు లేవు, గంభీర ముఖములు లేవు. సెల్‌ఫోను గలవారు కలరు. మధ్యాహ్నము పిల్లలు కొయ్యపలకతో క్రికెటు ఆడుదురు. ఇంటిపై బెంగపడి ఏడ్చు పిల్లవానిని పెద్దభిక్షువు ఒకరు ఒడిలో కూర్చుండబెట్టుకొని వేరుసెనగ కాయలు వొలిచి పెట్టుచుండగా చూచితిమి. ఇది లోకమునుండి పారిపోయినవారి జీవితము కాదు; ఏ గంటకు ఏ పని చేయవలెనో ఎన్నడో నిర్ణయించుకొని, దినదినమును ఆ పనికే తిరిగి వచ్చువారి జీవితము.

మాకు ఎక్కువగా తోడుండినవాడు ఒక యువ భిక్షువు. స్పితికి చెందిన పెక్కుమందివలెనే అతడును పై చదువునకు కర్ణాటకకు పోయెను. టిబెట్టులోని సేరా, ద్రేపుంగ్ మఠములను 1959 తరువాత వచ్చిన శరణార్థులు బైలకుప్పె, ముండగోడు ప్రాంతములలో మరల నెలకొల్పిరి. అక్కడ తర్కము, ప్రజ్ఞాపారమిత, మాధ్యమికము, వినయము మొదలగువానిని సుమారు ఇరువదియేండ్లు చదివినగాని గెషే పట్టము రాదు. వాదవిధానమును అతడు మాకు చేసి చూపెను. ఉత్తరపక్షమువాడు నేలపై కూర్చుండును. పూర్వపక్షి నిలుచుండి, ప్రశ్న వేసి, ఎడమకాలు నేలకు తాటించుచు అఱచేతులు చఱచును. "ఆచార్య నాగార్జునుడు ఇట్లు చెప్పెను గదా, నీవేమందువు?" అని ఉదాహరణకు అడిగెను. మేము నాగార్జునుని నాటి వారమని, నాగార్జునకొండ మా నదిమీదిదే యని చెప్పితిమి. అతని కన్నులు వెడల్పయినవి. "అయినచో మీరు మూలమాధ్యమిక కారికలు చదివియుందురు!" అనెను. మేము డిగ్రీలు పుచ్చుకొన్నవారము. ఆ గ్రంథమును తెఱచియైనను చూడలేదని చెప్పవలసివచ్చినది.

మూడవదినమునకు మిత్రులు లేచి నడువసాగిరి. ముగ్గురమును కలిసి పాత ఆలయములోనికి పోతిమి. అచట ఛాయాచిత్రములు తీయరాదు. దీపపు వెలుగు తప్ప వేఱు వెలుగు లేదు. కన్నులు చీకటికి అలవాటు పడునంతవఱకు ఏమియు కనబడదు. తరువాత నడిమిని వైరోచనుని నాలుగు మూర్తులు వెన్నులు కలిపి నలుదిక్కులు చూచుచుండుట తెలియును. గోడలవెంట మనుష్యప్రమాణపు మట్టిబొమ్మలు ముప్పదికి పైగా, నేల తాకక గాలిలో కూర్చున్నట్లు వెలువడును. వాని క్రింద వేయేండ్లనాటి రంగుల చిత్రములు. ఉత్తరపు వైపున బుద్ధుని జీవితకథ; దక్షిణపు వైపున సుధనుని యాత్ర.

సుధనుని కథ గండవ్యూహమను సంస్కృత సూత్రగ్రంథములోనిది. జావాలోని బోరోబుదూరు శిలలపైనను ఇది చెక్కబడియున్నది. సుధనుడు ధనికుని కుమారుడు. మంజుశ్రీ బోధ విని, జ్ఞానమునకై గురువులను వెదకికొనుచు కాలినడకను బయలుదేరును. ఏబదికి పైగా గురువులను దర్శించును. వారందఱు సన్న్యాసులు కారు. వారిలో నావికుడు కలడు, సుగంధద్రవ్యములు అమ్మువాడు కలడు, బాలకులు కలరు, రాణి కలదు, వేశ్య కలదు. ప్రతివారును తమకు తెలిసిన ఒక్క సంగతిని చెప్పి, "నాకు తెలిసినది ఇంతియే; ఇక ఫలానావారి కడకు పొమ్ము" అని పంపుదురు. సుధనుడు ప్రతిచోటను ఆగును, వినును, నమస్కరించును, అటుపిమ్మటగాని కదలడు.

ఆ సుధనుని స్వస్థలము దక్షిణాపథమున ధన్యాకరమను నగరమని గ్రంథము చెప్పును. అది మన ధాన్యకటకమే, అనగా అమరావతియే, యని తలచిన పండితులు కలరు. ఈ మాట మేము విజయవాడలో ఎప్పుడో విని మఱచితిమి. ఆ గోడముందు నిలుచుండగా జ్ఞప్తికి వచ్చినది. మన కృష్ణాతీరమునుండి బయలుదేరినవాడని చెప్పదగిన ఒక బాటసారి ఆ మంచుకొండల నడుమ, మట్టిగోడమీద, వేయేండ్లుగా ఒక గురువునుండి మఱియొక గురువు కడకు పోవుచున్నాడు. మా బ్యాంకు మిత్రులు చాలసేపు చూచి, "ఈయన కాగితములో గళ్లు లేవు కాబోలు" అనిరి. ఆయన మమ్ములను అన్న కఠినపు మాట అంత మాత్రమే. కోక్సర్‌లో తన మాట వినలేదని నేటివఱకు అనలేదు.

ఆ సాయంకాలము వృద్ధ భిక్షువుతో ధాన్యకటకమను మాట అంటిమి. ఆయన వెంటనే రెండు చేతులు జోడించెను. బుద్ధభగవానుడు కాలచక్రమును మొదట ఉపదేశించినది ధాన్యకటక మహాస్తూపమువద్దనే యని టిబెట్టు బౌద్ధుల విశ్వాసము. ఆ గ్రంథము 11వ శతాబ్దపు మొదటి భాగమున వెలువడినదని చరిత్రకారులందురు. విశ్వాసమునకు ఆ లెక్కతో పనిలేదు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈ వృద్ధుడు బస్సులలోను, రైళ్లలోను వచ్చి, డేరాలో ఉండి, దినదినమును స్తూపమునకు ప్రదక్షిణము చేసెనట. మనము దుప్పట్లు కప్పుకొను పుష్యమాసము ఆయనకు వేసవిగా తోచినదట. "మీ ఊరు అక్కడికి ఎంత దూరము?" అని అడిగెను. మోటారు సైకిలుపై గంట ప్రయాణమంటిమి. "అదృష్టవంతులు. నది ఇప్పుడు నిండుగా ఉన్నదా? నెమ్మదిగా నడచినచో స్తూపపు ప్రదక్షిణమునకు ఎంతసేపు పట్టునో మఱచితిని, మీకు తెలియును గదా" అనెను.

మాకు తెలియదు. ఎన్నడో విద్యార్థిదశలో పోయి, ఫొటో దిగి, అరగంటలో తిరిగివచ్చితిమి. రెండువేల కిలోమీటర్లకుపైగా ప్రయాణము చేసి ఇతరుల తీర్థమును చూడబోయిన మమ్ములను, మా ఇంటి ప్రక్కనున్న తీర్థమును గూర్చి ఆయన ఎంతో ఆదరముతో అడిగెను. తెలియదని చెప్పుటకు ఆసుపత్రి బల్లమీద పడినంత సిగ్గు పడితిమి.

ఆఱవదినమున మోటారు సైకిళ్లను చిన్న లారీపై మనాలికి పంపి, ముగ్గురమును బస్సెక్కి కిన్నౌరు దారిన సట్లెజ్ వెంట సిమ్లాకు దిగితిమి. మోటారు సైకిలు యాత్ర ఇట్లు బస్సులో ముగిసినది. కీ మఠమును చూడలేదు, దంఖర్‌ను చూడలేదు, పిన్ లోయలో అడుగిడలేదు. శ్రోతలలో ఎవరేని ఆ దారిన పోదలచినచో ఒక సంగతి మనవి చేయుదుము. 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రికిని మఱుసటి రాత్రికిని నడుమ పడకచోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. వేయి మీటర్లు ఎక్కినప్పుడెల్ల ఒక దినము విశ్రమింపవలెను. కిన్నౌరునుండి ఎక్కి, మనాలి వైపున దిగినచో ఈ నియమము చాలవఱకు దానంతట అదే నెఱవేఱును. తోడివారిలో ఒక్కరు తల నొచ్చుచున్నదనినను ఆ దినపు ప్రయాణము అంతటితో ఆపవలెను.

తిరిగివచ్చిన పిమ్మట అక్టోబరులో ఒక ఆదివారము తెల్లవాఱుజామున, బ్యాంకు మిత్రులను వెనుక కూర్చుండబెట్టుకొని అమరావతికి పోతిమి. మహాస్తూపపు శిల్పములలో పెక్కు మద్రాసు, లండను మ్యూజియములకు తరలిపోయినవి. ఇప్పుడు కనుపించునది ఇటుకల గుండ్రని తిన్నెయు, కొన్ని రాతిపలకలును మాత్రమే. బండిని దూరముననే ఆపి త్రోసికొనిపోయితిమి. గడియారము చూచుకొని, తాబోలో నడచినంత మెల్లగా నడచితిమి. పిమ్మట ఏటియొడ్డున కూర్చుండి, ఆ యువభిక్షువు చదివి వినిపించునట్లు హిందీలో ఒక కార్డు వ్రాసి తాబోకు పంపితిమి. కృష్ణ నిండుగా ఉన్నదనియు, ప్రదక్షిణమునకు నాలుగు నిమిషములు పట్టినదనియు అందులో వ్రాసితిమి.